పన్నెండువేల అడుగుల బాట



వేసవి వచ్చినదనగా మన తెలుగుసీమలో పెక్కు ఇండ్ల పెద్దలు అమెరికాలో నున్న బిడ్డలయొద్దకు ప్రయాణమగుదురు. అక్కడికి చేరిన పిదప మొదటి నెల మనుమల ముద్దుముచ్చటలతో గడచిపోవును. రెండవ నెలలో కొడుకో అల్లుడో సెలవులు కలిసివచ్చిన వారమును చూచుకొని, "ఈసారి అందరమును కారులో కొండలకు పోదము" అనును. అట్టి యాత్రలకు అనువైన చోట్లలో నా మనస్సునకు మిక్కిలి యిష్టమైనది కొలరాడో రాష్ట్రమందలి రాకీ మౌంటెన్ జాతీయోద్యానము. దానిని గూర్చియు, పసిపిల్లలను పెద్దలను వెంటబెట్టుకొని అచటికి పోవు కుటుంబము తన ప్రయాణమును ఏ రీతిని ఏర్పరచుకొనవలెనన్న విషయమును గూర్చియు నేడు మీతో ముచ్చటింపదలచినాను.

ఉద్యానమన్న పేరు విని, నీళ్ళుపోసి పెంచిన పూలమొక్కలను ఎవరును ఊహింపరాదు. డెన్వరు నగరమునకు వాయవ్యముగా, కారులో రెండు గంటలకు లోబడిన దూరమున, 415 చదరపు మైళ్ళ మేర వ్యాపించిన కొండలు, కోనలు, సూదియాకుల వృక్షముల యడవులు, మంచు కరగి నిండిన సరస్సులు కలిసి ఈ ఉద్యానమైనవి. పన్నెండువేల అడుగులకు మించిన శిఖరములే ఇందు అరువదికి పైగా కలవు. వానిలో అన్నిటికన్న ఉన్నతమైన లాంగ్స్ శిఖరము 14,259 అడుగులు. ఆ శిఖరపాదమున చిన్ననాడే కర్రదుంగలతో ఇల్లు కట్టుకొని, తరువాత బాటసారులకు బస నడుపుచు, వారిని కొండ యెక్కించుచు జీవించిన ఈనస్ మిల్స్ అను ప్రకృతిప్రియుడు, ఈ సీమను గొడ్డలి పాలు గానీయరాదని ఏండ్ల తరబడి ఊరూర ఉపన్యసించి, పత్రికలలో వ్రాసి, అధికారులకు విన్నవించి, విసుగన్నది లేక పాటుపడినందున, 1915 జనవరి 26వ తేదీని అధ్యక్షుడు విల్సన్ సంతకముతో ఇది జాతీయోద్యానమైనది. అట్టి ఒక మనుష్యుని పట్టుదల వలన మిగిలిన అడవిలో మన మనుమలు నేడు నడచుచున్నారన్న సంగతి బయలుదేరుటకు ముందే పిల్లలకు చెప్పదగినది.

ఈ ఉద్యానమును తూర్పునుండి పడమటికి దాటించు మార్గము ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు. ఎస్టిస్ పార్క్ అను ఊరినుండి గ్రాండ్ లేక్ అను ఊరివరకు దాని పొడవు 48 మైళ్ళు. మన ఘాట్ రోడ్డులవలెనే మలుపులు తిరుగుచు అడవిలో ఎక్కి, వృక్షము మొలవజాలని ఎల్లను దాటి, అటుపిమ్మట 11 మైళ్ళ దూరము చెట్టన్నది లేని బయలున, ఆకాశమునకు ఎదురుగా సాగి, ఒకచోట 12,183 అడుగుల ఎత్తునకు చేరును. 1929లో పని ప్రారంభించి, సంవత్సరములో నాలుగు మాసములు మాత్రమే పనిముట్టు కదలింప వీలగు ఆ చలిలో, ఎక్కడను వాలు నూటికి ఏడు పాళ్ళు మించకుండ ఆ బాటను మలచిన ఇంజనీరుల నేర్పును కొనియాడకుండ ఉండజాలము. వారికి ఎన్నో తరములకు పూర్వమే యూట్, ఆరపాహో జాతులవారు ఈ గట్టుమీదుగా కొండ దాటెడివారు. అందొక కాలిబాట ఎంత నిటారుగా ఉండెడిదనగా, పిల్లలను ఎత్తుకొని ఎక్కుట పెద్దలకు సాధ్యము కాక, వారిని దింపి నడిపింపవలసి వచ్చెడిదని, 1914లో ఈ కొండలకు తిరిగి వచ్చిన ఆరపాహో వృద్ధులు చెప్పగా వ్రాసికొన్నారు. కుటుంబములు పిల్లాపాపలతో ఈ గట్టును దాటుట నిన్నమొన్నటి వేడుక కాదు.

ఇక ఏర్పాట్ల మాట. ప్రయాణమనగానే మనకు తోచు మొదటి లెక్క మైళ్ళది. ఇన్ని మైళ్ళకు ఇన్ని గంటలు, నడుమ ఒక భోజనము, రాత్రికి బస, అని కాగితముమీద గీయుదుము. ఈ కొండలలో ముందుగా వేయవలసిన లెక్క ఎత్తుది. తిరుమల సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉన్నది. మన తూర్పుకనుమలలో మిక్కిలి ఎత్తైన శిఖరములు సుమారు 5,500 అడుగులు. డెన్వరు నగరపు వీథులే 5,280 అడుగుల ఎత్తున ఉన్నవి; అనగా కాకినాడనుండియో కరీంనగరమునుండియో వచ్చి అచట విమానము దిగిన తల్లి, తన జన్మలో ఎన్నడును ఎక్కియుండని ఎత్తున, ఆ సంగతి ఎరుగకయే నిలిచియుండును. అక్కడినుండి ఎస్టిస్ పార్క్ 7,500 అడుగులు. బాట నడిమిభాగము పన్నెండువేలు. ఆ పైన గాలి ఒత్తిడి సముద్రతీరమందలి దానిలో నూటికి 64 పాళ్ళు మాత్రమే. అచట మనము పీల్చు ప్రతి ఊపిరిలోను ప్రాణవాయువు అంతమేరకు తక్కువగా ఉండును. యౌవనమున ఉన్నవారి దేహము ఈ కొరతను కొంత సైచును. అరువదియైదేండ్ల గుండెకు, రక్తపుపోటునకు మందు మ్రింగుచున్న దేహమునకు, ఇది చిన్న విషయము కాదు. కావున వైద్యుని అడిగి ఆయన అనుజ్ఞ పొందిన పిదపనే టిక్కెట్లను గూర్చి, బసను గూర్చి ఆలోచింపవలెను.

కొండ ఎత్తు పడకపోయినచో మొదట తలనొప్పి వచ్చును. పిదప వికారము, ఆకలి చచ్చుట, నాలుగడుగులకే ఆయాసము. దీనికి తిరుగులేని చికిత్స ఒక్కటే: వెంటనే క్రిందికి దిగుట. చెప్పుటకు ఇది సులభమే. కాని మన పెద్దల స్వభావము నెరిగినవారికి ఇందలి చిక్కు తెలియును. పిల్లల సంతోషమునకు తాము అడ్డు రాకూడదని, ఇంతదూరము ఖర్చుపెట్టి తీసికొనివచ్చినారే యని, తలనొప్పిని తలగుడ్డలో దాచుకొని, "నాకేమిరా, నిక్షేపముగా ఉన్నాను, మీరు చూచిరండి" అనుచు కారులో కూర్చుండు తండ్రులు మనవారిలో నూటికి తొంబదిమంది. వారి మాటను నమ్మి బిడ్డలు ఊరకుండరాదు. ఎప్పుడును మాటలాడు మనిషి మౌనము వహించినను, ఇష్టమైన పలహారమును చేతితో త్రోసివేసినను, చూపుచున్న కొండవైపు తల త్రిప్పకపోయినను, అది దిగవలసిన వేళ యని గ్రహించి కారు మరలింపవలెను. పసిపిల్లల విషయమును ఇట్టిదే. వారికి చెప్పుకొన తెలియదు, పేచీ పెట్టుట మాత్రమే తెలియును.

ఈ కారణముచేత, డెన్వరులో దిగిన మరునాడే కొండకొనకు పోవుట తగదు. మొదటి రాత్రి, వీలైనచో రెండు రాత్రులు, డెన్వరులో నిలిచి, పిమ్మట ఎస్టిస్ పార్క్ చేరి, అచట ఒక దినమంతయు ఏ పనియు పెట్టుకొనక, ఊరి నడుమ పారు ఏటి ప్రక్కన మెల్లగా తిరిగి, దాహము వేయకున్నను నీరు త్రాగుచు, దేహమును ఆ గాలికి అలవాటు పడనిచ్చి, ఆ మరునాటి ఉదయమున పైకి ఎక్కుట నా మతమున ఉత్తమమైన క్రమము. ఏమియు చూడని ఆ దినము వ్యర్థమైనదని యౌవనులు విసుగుకొందురు. తక్కిన దినములు చక్కగా జరుగుటకు ఆ దినమే ఆధారమని వారికి నచ్చచెప్పవలెను.

బసలో వంటయిల్లు ఉన్నచో మన స్త్రీలకు ఒక విచిత్రము ఎదురగును. ఎస్టిస్ పార్క్ ఎత్తున నీరు నూరు డిగ్రీలవరకు కాగదు. సుమారు 92 డిగ్రీలకే తెర్లును. ఎసరు కుతకుతలాడుచున్నను బియ్యపుగింజ పలుకు విడువదు; కందిపప్పు సంగతి చెప్పనే అక్కరలేదు. ఎన్నడును అన్నము చెడగొట్టని నాయనమ్మ, గరిటెతో మెతుకు తీసి వ్రేళ్ళనడుమ నొక్కిచూచి, ఇదేమి నీరమ్మా యని ఆశ్చర్యపడును. కావున మూటలలో చిన్న ప్రెషర్ కుక్కరునకు చోటీయవలెను. పైకి పోవు దినమునకు వేకువనే పులిహోర కలిపి డబ్బాలకెత్తుకొనుట మేలు. కొండపైన ఒక్క అంగడిలో తప్ప తినుబండారములు దొరకవు, అవియు మన నాలుకకు రుచించునవి కావు. బిడ్డలు వెంట తెచ్చుకొన్న చిప్సు పొట్లము పదివేల అడుగులు దాటునప్పటికి తలగడవలె ఉబ్బి బిగిసిపోవును. దానిని పిల్లలచేతికిచ్చి, వెలుపల గాలి పలుచనైనందున లోపలి గాలి వ్యాపించుచున్నదని తాతగారు చెప్పినచో, బడిలో ఏడాది చదివినను అంటని పాఠము నిమిషములో అంటును. ఇంకొక మాట: ఊరిలో బసచేసిన రాత్రులయందు తిండిపదార్థములను కారులో వదలరాదు. అచటి నల్లని ఎలుగుబంట్లకు వాసన పట్టుటయు తెలియును, కారు తలుపు తీయుటయు తెలియును.

పైకి పోవు దినమున వేళను గూర్చి గట్టిపట్టు పట్టవలెను. వేసవిలో, ముఖ్యముగా జూలై ఆగస్టు మాసములయందు, ఉదయము నిర్మలముగా ఉన్న ఆకాశమున మధ్యాహ్నమునకు మేఘములు క్రమ్మి, ఉరుములు మెరుపులతో వడగండ్లు కురియుట ఆ కొండలకు నిత్యకృత్యము. చెట్టు లేని ఆ బయలున నిలిచిన మనిషియే అన్నిటికన్న ఎత్తైన వస్తువు. పిడుగునకు వేరొక గుఱి దొరకదు. కావున తెల్లవారుజామున ఆరుగంటలకే ఎస్టిస్ పార్క్ విడిచి, చూడదలచిన పైచోట్లను పదకొండు గంటలలోపల చూచుకొని, మధ్యాహ్నమునకు మరల చెట్లనీడకు దిగవలెను. ఉరుము వినబడెనా, చూచుచున్నది ఎంత రమ్యమైనను విడిచి, కారులోనికి చేరి అద్దములు మూసికొనవలెను. ఇట్లు వేకువ బయలుదేరుటలో మరియొక లాభము కూడ ఉన్నది. జనసమ్మర్దము పెరిగినందున, ఇటీవలి వేసవులలో పగటివేళ ప్రవేశమునకు ముందుగా సమయము నిర్ణయించి అనుమతి పొందవలసిన పద్ధతి పెట్టినారు. తొమ్మిది గంటలకు ముందే లోనికి పోవువారికి, బేర్ లేక్ అను సరస్సు వైపు తప్ప, ఆ నిర్బంధము లేకుండెడిది. ఈ నియమములును, విదేశములనుండి వచ్చినవారి రుసుములును ఏటేట మారుచుండును గనుక బయలుదేరుటకు పూర్వము ఉద్యానమువారి ప్రకటనను స్వయముగా చదువుకొనుట అవశ్యము. బాట కూడ సంవత్సరము పొడుగున తెరచియుండదు. సాధారణముగా మే మాసాంతమునుండి అక్టోబరు నడిమివరకే దానిపై రాకపోకలు. జూలైలో సైతము మంచు పడుట కలదు. కావున మండుటెండలో బయలుదేరుచున్నను, పెద్దలకు చెవులు కప్పు ఉన్నిటోపీ, మేనికి వెచ్చని కోటు లేకుండ కారు కదలరాదు.

కారు నడుపువారికి రెండు మాటలు. లోపల పెట్రోలుబంకు లేదు, ఊరిలోనే నింపుకొనవలెను. సెల్‌ఫోను చాలచోట్ల పలుకదు. దారిపటము కాగితముమీదిది చేత నుండవలెను. దిగునప్పుడు అదేపనిగా బ్రేకు త్రొక్కినచో అది వేడెక్కి పట్టు విడుచును. గేరు తగ్గించి ఇంజనుచేతనే వేగమును అదుపులో పెట్టవలెను. చాలచోట్ల ప్రక్కన గోడయు కమ్మీయు ఉండవు, లోయ వేల అడుగుల క్రిందికి జారును. స్టీరింగు పట్టినవారికి "అటు చూడు, ఇటు చూడు" అని చుట్టునున్నవారు చెప్పరాదు. ఆగుటకు ఏర్పరచిన చోట్లు కోకొల్లలు, అచట కారు నిలిపి వారిని కూడ దింపి చూపింపవలెను. వెనుక కార్లు పేరుకొన్నచో ప్రక్కకు తప్పుకొని దారి ఇచ్చుట మర్యాద.

ఇన్ని జాగ్రత్తలును దేనికొరకనగా, ఆ పైన ఉన్నది చూచుటకు. వృక్షరేఖ దాటునప్పుడు చెట్లు ఒక్కసారిగా మాయము కావు. మొదట పొట్టివగును, పిదప గాలివాటున ఒకవైపే కొమ్మలు మిగిలి నేలకు వంగును, తుదకు మోకాలెత్తు పొదలై, ఆ మీదట అవియు లేక, నేలకు అంటుకొనిన పూలతివాచీ మాత్రము మిగులును. దీనిని తుంద్రా యందురు. ఇచట మొక్క పెరుగుటకు సంవత్సరమున దొరకు కాలము ఆరు వారములు, మించిన పది వారములు. ఆ స్వల్పకాలమున అణుమాత్రముగా పెరుగుచు, ఏండ్లకేండ్లు వేళ్ళలో శక్తి కూడబెట్టుకొని, ఒక్క వేసవిలో పసుపుపచ్చని పెద్దపూవు పూచి, ఆ పూతతోనే జీవితము ముగించు ఒక జాతి సూర్యకాంతము అచట కలదు. దానిని ఆ దేశమువారు కొండముసలి యని పిలుతురు. అది తరచు తూర్పునకే మొగము త్రిప్పి నిలుచును. ఇట్టి నేలపై పదిమంది త్రొక్కిన చోటు మరల పచ్చబడుటకు వందలయేండ్లు పట్టవచ్చును. పూవు కోయుట నిషేధము. గులకరాయి ఏరి జేబులో వేసికొనుటయు నిషేధమే. పిల్లలకు ఈ మాట కారు దిగుటకు ముందే చెప్పి, వేసిన బాట విడిచి కాలు పెట్టనీయరాదు.

రాళ్ళగుట్టల దగ్గర రెండు నిమిషములు కదలక నిలిచినచో, కీచుమని ఒక సన్నని కేక వినబడును. పైకా యను పిడికెడు జంతువు, తోక కనబడని గుండ్రని చెవుల ప్రాణి, రాతిసందునుండి వెలువడి, నోటినిండ గడ్డిపరకలు అడ్డముగా కరచుకొని, మీసములవలె అవి ఇరుప్రక్కల ఊగుచుండగా, మరొక సందులోనికి దూరును. చలికాలమంతయు అది నిద్రపోదు. వేసవిలో కోసి ఎండబెట్టి వామువేసికొనిన గడ్డితోనే మంచుక్రింద బ్రదుకును. పంటకాలమున పొలము చూచినవారు, అంతటి చిన్నప్రాణి పడుచున్న ఆ తొందరను చూచి, ఊరక దాటిపోలేరు. ఎల్క్ అను పెద్ద దుప్పుల మందలు వేసవిలో ఈ బయళ్ళమీదనే మేయును. వానికి 75 అడుగుల దూరము, మూస్ అను మహామృగమునకును ఎలుగుబంటికిని 120 అడుగుల దూరము ఉండితీరవలెనని నియమము. పిల్లలకు ఉద్యానపు సందర్శకకేంద్రములలో జూనియర్ రేంజర్ పుస్తకము నిచ్చెదరు. అందలి ప్రశ్నలను పూరించి, రేంజరు ఎదుట ప్రమాణము చేసినచో బిళ్ళ నిత్తురు. ఇంగ్లీషు చదువలేని తాతకును, తెలుగు చదువలేని మనుమనికిని ఆ పుస్తకము ఇద్దరు కలిసి చేయు పనియగును.

పడమటికి దిగుచుండగా మిల్నర్ కనుమ వచ్చును. ఎత్తు పదివేల ఏడువందల అడుగుల పైచిలుకు. ఖండమును రెండుగా చీల్చు జలవిభాజకరేఖ ఇచటనే బాటను దాటును. దీనికి తూర్పున పడిన చినుకు ప్లాట్ నదిలో కలిసి, మిసిసిపీ వెంబడి మెక్సికో సింధుశాఖకు పోవును; పడమట పడినది కొలరాడో నదియై పసిఫిక్ వైపు సాగును. ఆ మహానది పుట్టుక ఈ ఉద్యానపు వాయవ్యభాగముననే. దిగిన లోయలో అది పిల్లకాలువ, మడమ లోతు నీరు. పడమటి సముద్రమునకు కూతవేటు దూరమున మహాబలేశ్వరమునను, త్ర్యంబకమునను పుట్టియు, ఆ సముద్రము వైపు తిరుగక, దక్కనునంతయు దాటి మన ప్రాంతమును తడిపి తూర్పుసముద్రమును చేరు కృష్ణాగోదావరులను ఎరిగినవారికి, గట్టు ఎటు వాలినదన్న ఒక్క విషయము దేశముల భాగ్యమును ఎట్లు నిర్ణయించునో ఇచట విడమరచి చెప్పనక్కరలేదు. నా దృష్టిలో ఆ బాటలో తప్పక ఆగి నిలువవలసిన చోటు ఇదే. కెమేరాకు ఇచట చిక్కునది స్వల్పము; అందువలన పెక్కుమంది దాటిపోవుదురు.

ఆవల లోయలో నల్లబడి నిలిచిన చెట్ల మ్రోడులు కనబడును. 2020 అక్టోబరులో చెలరేగిన దావాగ్ని, గాలితోడై, చెట్టులేని ఆ కొండకొనను సైతము దాటి తూర్పునకు దూకినది. ఆ బూడిదలో ఇప్పుడు పచ్చిక మొలచినది. ఆ రాత్రికి గ్రాండ్ లేక్‌లోనే బసచేయుట మంచిది. డెన్వరునకు తిరిగి పోవలెనన్నను దక్షిణపుదారిలో 11,307 అడుగుల బెర్థూడ్ కనుమను దాటక తప్పదు. ఒక్క దినముననే రెండు కొండలను పెద్దల దేహముపై మోపరాదు.

ఇంటిలో పైకి రాలేనివారు ఉన్నచో, వైద్యుడు వలదన్నచో, యాత్ర మానుకొనవలసిన పని లేదు. ఎస్టిస్ పార్క్ ప్రక్కననే ఉద్యానము లోపల స్ప్రేగ్ సరస్సు ఉన్నది. దాని చుట్టును అరమైలు దారి, చక్రాలకుర్చీ నడుచునంత చదునైనది. అడుగడుగున కూర్చుండుటకు బల్లలు. ఎదుట మంచు వీడని శిఖరముల వరుస. అదియు ఎనిమిదివేల అడుగులు దాటిన చోటే గనుక నడక నెమ్మదిగా సాగవలెను. తక్కినవారు పైకి పోవు ఉదయమున కొడుకో కోడలో ఒకరు అమ్మతో ఇచట నిలిచి, మరునాడు వారు ఎక్కి, మొదటివారు ఇచట ఉండునట్లు వంతులు వేసికొనవలెను. అందుకు ఎస్టిస్ పార్క్ బసను ఒక రాత్రి అధికముగా ముందే చెప్పి ఉంచుకొనవలెను, ఏలయనగా వేసవిలో ఆ ఊర గదులు నెలల ముందే నిండిపోవును.